పెళ్లి పట్టుచీరకు ఏది మేలు: ప్యూర్ జరీనా, టెస్టెడ్ జరీనా?

పెళ్లి చీరలు చూపించేటప్పుడు 'ప్రీమియం', 'ప్యూర్' అనే రెండు మాటలు తరచుగా వినిపిస్తాయి. 'ప్రీమియం' అన్న మాటకు చీరల్లో ఒక కొలత అంటూ లేదు. పాలిస్టర్ కలిసిన సెమీ పట్టు మీదా ఆ లేబుల్ అంటించొచ్చు. ఆ మాట విని ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి.

'ప్యూర్' అన్నప్పుడు మాత్రం ఆగి అడగాలి: ప్యూర్ అంటున్నది పట్టునా, జరీనా? చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. పట్టు అసలుదై, జరీ టెస్టెడ్ (అంటే రాగి తీగతో చేసింది) అయినా 'ప్యూర్ పట్టు' అనడం అబద్ధం కాదు. ధర మాత్రం ప్యూర్ జరీ చీర ధర చెబితే అన్యాయం. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ లేబుల్ హామీ ఇచ్చేది కూడా పట్టుకే, జరీకి కాదు.

ప్యూర్ జరీలో పట్టుదారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి, దానికి బంగారు పూత వేస్తారు. టెస్టెడ్ జరీలో వెండికి బదులు రాగి తీగ ఉంటుంది. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది. ప్యూర్ జరీ బరువెక్కువ, మెరుపు నెమ్మదిగా ఉంటుంది. చీర చిరిగిపోయినా అంచులో వెండికి విలువ ఉంటుంది కాబట్టి పాత జరీ కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఇక ప్లాస్టిక్ జరీ కళ్లకు కొట్టినట్టు మెరుస్తుంది, పెళ్లి చీరకు దాని గురించి ఆలోచించక్కర్లేదు.

పెళ్లికూతురి ముహూర్తం చీర, తర్వాత కూతురికి ఇవ్వాలనుకునే చీర అయితే ప్యూర్ జరీయే కొనండి. బడ్జెట్ చాలకపోతే అంచు వెడల్పు తగ్గించుకోండి, జరీ రకం తగ్గించకండి. బంధువులకు పెట్టే పెట్టుబడి చీరలకు, పండగలకు తరచూ కట్టేవాటికి మాత్రం అసలు పట్టు మీద టెస్టెడ్ జరీయే నాకు నచ్చుతుంది. తేలిగ్గా ఉంటుంది, కట్టుకోవడానికి భయముండదు.

గద్వాల చీర సంగతి వేరు. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఒళ్లు పట్టు కాదని దాన్ని తక్కువ చేయకండి, ఆ రెండింటినీ కలిపే నేతలో చాలా పనితనముంది.

ఏది కొన్నా బిల్లులో పట్టు రకం, జరీ రకం విడివిడిగా రాయించుకోండి. రాయడానికి వెనకాడితే ఇంకో షాపు చూడండి.