నాలుగేళ్లు ఆడించాక నా తోలుబొమ్మ గురించి

నా దగ్గర రెండున్నర అడుగుల హనుమంతుడున్నాడు. మేకతోలు బొమ్మ. 2021 చివర్లో ధర్మవరం దగ్గరున్న నిమ్మలకుంటలో తీసుకున్నాను. అప్పటికి నాకు నలభై ఒకటి. గోడకు తగిలించుకోవడానికి కాదు, ఆడించడం నేర్చుకుందామని కొన్నాను. అప్పటి నుంచి వారానికి కనీసం మూడు రోజులు తెర వెనక చేతిలో పట్టుకుంటూనే ఉన్నాను. "ఈ వయసులో వస్తుందా? ఏ బొమ్మ కొనాలి?" అని తెలిసినవాళ్లు అడుగుతున్నారు కాబట్టి నాకు అనుభవమైనది అనుభవమైనట్టు రాస్తున్నాను.

మాది అనంతపురం. అయినా ధర్మవరం అంటే మాకు పట్టుచీరలే. చిన్నప్పుడు అవ్వవాళ్ల ఊళ్లో ఒక రాత్రి బొమ్మలాట చూశాను కానీ సగంలోనే నిద్రపోయాను. తెల్లవారుజామున మెలకువ వస్తే ఇంకా గజ్జెల చప్పుడు వినిపిస్తూనే ఉంది. అదొక్కటే గుర్తు. 2020లో నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చిందన్న వార్త చదివినప్పుడు ఆ గజ్జెల చప్పుడు మళ్లీ గుర్తొచ్చింది. లాక్‌డౌన్‌లన్నీ అయిపోయాక ఒక ఆదివారం బయల్దేరి వెళ్లాను.

అంతకుముందే ఒక పొరపాటు చేశాను. ఒక ఎగ్జిబిషన్‌లో అందంగా ఉందని ఒక బొమ్మ కొన్నాను. ఇంటికొచ్చి దీపం ముందు పెడితే తెర మీద నల్లటి మచ్చ తప్ప ఏమీ పడలేదు. మందపాటి పెయింటు పూశారు, వెలుతురు లోపలికి పోదు. చేతులు, కాళ్లు కూడా ఒంటికి కలిపే కోసి ఉన్నాయి. అది అలంకరణ వస్తువు, ఆటబొమ్మ కాదు. అమ్మినవాళ్లకే ఆ తేడా తెలియదు. మీరు కొనేటప్పుడు బొమ్మను ఎండకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఎరుపు, పచ్చ రంగులు అద్దంలోంచి చూసినట్టు వెలగాలి. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లాగి కట్టి ఎండబెడితే అది పలచగా, వెలుతురు దాటేలా తయారవుతుంది. దాని మీద రంగును కూడా వెలుతురు దాటనిచ్చేలా రెండు వైపులా వేస్తారు. నగల దగ్గర, కిరీటం దగ్గర చిన్న ఉలితో కొట్టిన బెజ్జాలు ఉంటాయి. తెర మీద ముత్యాల్లా మెరిసేవి ఆ బెజ్జాలే, రంగు కాదు.

నా హనుమంతుడికి భుజాల దగ్గర, మోచేతుల దగ్గర, మోకాళ్ల దగ్గర కీళ్లున్నాయి. దారం దూర్చి రెండు వైపులా ముడి వేస్తారు, అంతే. కానీ ఆ ముడిలోనే చాలా ఉంది. బిగుతుగా వేస్తే చెయ్యి లేపిన చోటే ఆగిపోతుంది. వదులైతే ప్రాణం లేనట్టు వేలాడుతుంది. ఏడాదిన్నరకు కుడి మోచేతి బెజ్జం అరిగి పెద్దదయింది. నిమ్మలకుంటలో నాకు ఆట నేర్పే మా గురువుగారు చిన్న తోలుబిళ్ల కోసి అడుగున పెట్టి మళ్లీ ముడి వేశారు. ఆ తర్వాత ఇప్పటివరకు ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆ పని నేనే చేసుకుంటున్నాను.

నేర్చుకోవడం విషయానికొస్తే, బొమ్మ కోయడం, రంగు వేయడం ఓపికున్న ఎవరికైనా ఒక ఏడాదిలో ఒక మాదిరిగా వస్తుంది. ఆడించడం అలా కాదు. ఎడమచేత్తో బొమ్మ నడుమ నిలువునా ఉన్న వెదురుబద్ద, కుడిచేత్తో చేతులకు తగిలించే పుల్లలు. మొదటి నాలుగైదు వారాలు నా కళ్లు నా చేతుల మీదే ఉండేవి. "చెయ్యి చూడొద్దు మా, తెర చూడు" అని గురువుగారు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో.

అన్నిటికంటే కష్టమైంది బొమ్మను తిప్పడం. ముఖం ఒక పక్కకే చూస్తూ ఉంటుంది. హనుమంతుడు కుడివైపు నడుస్తూ వెనక్కి తిరగాలంటే బొమ్మను తెర మీంచి తీసి, బద్దను వేళ్ల మధ్య దొర్లించి, రెండో వైపు తెరకు ఆనించాలి. తిరిగే ఆ క్షణంలో తెర మీద సన్నటి గీత మాత్రమే కనిపిస్తుంది. ఆ గీత నిటారుగా ఉంటే చూసేవాళ్లకు మనిషి గిర్రున తిరిగినట్టే ఉంటుంది. కాస్త వాలినా తోలుముక్క తిరగేసినట్టు తెలిసిపోతుంది. నాకు అది రావడానికి మూడు నెలలు పట్టింది. వచ్చిన రోజు గురువుగారు ఏమీ అనలేదు, లోపలికి చూసి "కాఫీ పెట్టు" అని ఆయన భార్యతో అన్నారు. ఆ మాట కూడా తెలుగులో కాదు. వాళ్ల ఇంట్లో మాట్లాడుకునేది ఆరె మరాఠీ. వింటూ వింటూ నాకూ కొంచెం అర్థమవుతోంది.

పెద్దవాళ్లకు అసలైన అడ్డంకి గొంతు. తెర మీద ఎవరు మాట్లాడుతున్నారో ఆ బొమ్మ ఒక్కటే కదలాలి, మిగతావి ఊరుకోవాలి. అంటే నోరు, చెయ్యి ఒకటే కావాలి. పద్యం, ద్విపద (రెండేసి పాదాల పాట) అయితే తాళం పట్టుకుని ఎలాగో నడిపించవచ్చు. వీళ్ల రామాయణం ఆటలో రంగనాథ రామాయణం ద్విపదలు చాలా వినిపిస్తాయి. ఆ నడక నోటికి తొందరగానే పట్టుబడుతుంది. నవ్వించే పాత్రలు జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చినప్పుడు మాత్రం నాకు గొంతు లేవలేదు. వాళ్లు కథ మధ్యలో వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మొరటు మాటలంటారు, ఊళ్లో సంగతులన్నీ లాగుతారు. ఇరవై ఏళ్లు ఆఫీసులో మెల్లగా మాట్లాడడం అలవాటైన మనిషికి అలా అరవడానికి చాలా సిగ్గేస్తుంది. గురువుగారి భార్య బంగారక్క మాట ఎత్తుకుంటే వీధి చివరికి వినిపిస్తుంది. ఆమె పక్కన కూర్చుని, ఆమె మాట వెంట మాట కలుపుతూ, దాదాపు ఏడాదికి నా గొంతు విడింది. ఆ విషయం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. బొమ్మలాట నాకు ఇచ్చినవాటిలో అది పెద్దది.

తెర, దీపం సంగతి. ఇంట్లో తెల్ల పంచె బిగించి కట్టుకున్నాను. ట్యూబులైటు పెడితే నీడ చెదిరిపోతుంది. పొడుగాటి వెలుతురు పనికిరాదు. వెలుతురు ఒకే చోటు నుంచి రావాలి. మామూలు బల్బు బాగుంటుంది కానీ వేడి, వేసవిలో పది నిమిషాలకే చెమటలు. ఇప్పుడు పసుపు వెలుతురిచ్చే ఎల్‌ఈడీ బల్బు ఒక్కటే తలకంటే కాస్త ఎత్తులో, నా వెనక వేలాడదీస్తున్నాను. బొమ్మ తెరకు ఆనితే రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. రెండు జానలు వెనక్కి తీస్తే నీడ పెద్దదై మసకబారుతుంది. హనుమంతుడు పెరిగి పెద్దవాడవడం అలా చూపించవచ్చు. ఒకసారి కరెంటు పోయినప్పుడు ఆముదం దీపంతో ఆడాను. మంట కదిలితే బొమ్మ ఊపిరి తీసుకుంటున్నట్టుంది. పాతకాలం ఆటలు చూసినవాళ్లు ఆ దీపాల గురించి ఎందుకంత చెప్తారో అప్పుడు తెలిసింది.

తోలు వాతావరణాన్ని బట్టి మారుతుంది, ఈ విషయం ముందే తెలుసుకోండి. అనంతపురం ఎండకు ఏప్రిల్, మే నెలల్లో గట్టిపడి గలగలలాడుతుంది. అప్పుడు వంచితే చిట్లే ప్రమాదం ఉంది. కాకినాడలో మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్తే రెండో రోజుకే మెత్తబడి అంచులు అలల్లా లేచాయి, కొంచెం వాసన కూడా వచ్చింది. భయపడ్డాను. ఇంటికి తెచ్చి నూలు గుడ్డ మధ్య పరిచి, మీద చదునైన పలక పెట్టి నాలుగు రోజులు ఉంచితే సర్దుకుంది. చుట్టి పెట్టకూడదు, మడవకూడదు, ప్లాస్టిక్ కవరులో అసలే పెట్టకూడదు. రంగు నాలుగేళ్లలో ఎక్కడా వెలవలేదు, తోక చివర మాత్రం కొంచెం చిట్లింది.

మధ్యలో ఇంట్లోనే నేర్చుకోవచ్చని ఒక ఆన్‌లైన్ క్లాసుకు డబ్బు కట్టాను. ఆరు క్లాసులు. అన్నీ తెర ముందు నుంచి తీసిన వీడియోలే. చెయ్యి ఎక్కడుందో కనిపించకపోతే ఏం నేర్చుకుంటాం? ఈ విద్యకు మనిషి పక్కన మనిషి కూర్చోవాల్సిందే. వెళ్లేవాళ్లకు ఇంకో మాట: నేర్పేవాళ్లకు రోజు కూలి లెక్కన, అడగకముందే ఇవ్వండి. వాళ్ల ఇల్లు గడుస్తున్నది ఎక్కువగా లాంప్‌షేడ్‌ల మీద, గోడబొమ్మల మీద. మీకు నేర్పిన పూట వాళ్ల పని ఆగుతుంది. రాత్రంతా ఆడే ఆటలు తగ్గిపోయాయి, వానల కోసం విరాటపర్వం ఆడించే ఊళ్లూ తగ్గాయి. ఉలి పట్టే కుర్రవాళ్లు ఆ ఊళ్లో ఉన్నారు. గంటసేపు ఆట నడిపించగలిగే కుర్రవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. అందుకే కోయడంతో ఆగిపోకుండా ఆడించడం కూడా అడిగి నేర్చుకోండని నా విన్నపం.

ఇబ్బందులూ చెప్పాలి. చేతులెత్తి ఇరవై నిమిషాలు ఆడితే భుజాలు లాగుతాయి. నాకు ఒక ఏడాది ఎడమ భుజం నొప్పి బాగా వేధించింది. మొదటే అయిదడుగుల బొమ్మ జోలికి పోకండి, రెండు రెండున్నర అడుగులది చాలు. ఆఫీసు, ఇల్లు చూసుకుంటూ ఆదివారాలు మాత్రమే వెళ్తే నాలుగేళ్లకు నాకు వచ్చింది సుందరకాండలో ఒక్క ఘట్టం, లంకిణి ఎదురయ్యే చోటు. పద్దెనిమిది నిమిషాలు. మొన్న శివరాత్రి జాగరణకు మా కాలనీ గుడి వరండాలో ఆడాను. పిల్లలు తెర వెనక్కి వచ్చేసి నా చేతులు చూస్తూ నిలబడ్డారు.

రెండో బొమ్మ బంగారక్క. గురువుగారు దానికి తోలు తీసి పక్కన పెట్టారట, ఎండ బాగా కాసే రోజుల్లో లాగి కట్టాలని, వచ్చే ఆదివారం పొద్దున్నే రమ్మన్నారు. ఈసారి బెజ్జాలన్నీ నేనే కొడతాను.