జాగ్రత్త: కొత్త టైరు అని చెప్పి ఏడేళ్ల కిందటి సరుకు అంటగట్టారు

బండికి టైరు మార్పించాలనుకుంటున్న వాళ్లు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. ముఖ్యంగా శిక్షణలకు, సదస్సులకు, టెన్త్ స్పాట్‌కు (జవాబు పత్రాలు దిద్దడానికి) బండి మీదే దూరం పోయే తోటి ఉపాధ్యాయులు. 2025 మార్చిలో నేను కొత్తదని కొన్న వెనక టైరు 2018లో తయారైంది. ఏప్రిల్‌లో అది నడిరోడ్డు మీద పగిలింది. నా వెనక కూర్చున్న సారుకు మోచెయ్యి చీరుకుపోయి ఏడు కుట్లు పడ్డాయి. నాకు మోకాలు, అరచెయ్యి గీరుకుపోయాయి. ఆ సమయానికి పక్క నుంచి బస్సేదైనా వస్తుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

నేను నల్లమల అంచున ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. నాది తొమ్మిదేళ్ల స్ప్లెండర్, పుల్లల చక్రాలు, ట్యూబు టైర్లు. వెనక టైరు గ్రిప్పు అరిగిపోయిందని ఒక ఆదివారం పట్టణంలో ఎప్పుడూ పోయే దుకాణానికే పోయాను. ఆయన లోపలి నుంచి నిగనిగలాడే టైరు తెచ్చి, దాని మీది సన్నటి రబ్బరు వెంట్రుకలు చూపించి, "చూడుండ్రి సార్, ముళ్లు కూడ రాలలే, ఫ్రెష్ పీసు" అన్నాడు. నేనూ ఆ వెంట్రుకలు చూసే నమ్మాను. మనలో చాలామంది అవి చూసే కొత్తదో కాదో తేల్చుకుంటాం. ఆ వెంట్రుకలు ఉన్నాయంటే టైరు రోడ్డెక్కలేదని మాత్రమే అర్థం. ఎప్పుడు తయారైందో, ఎన్నేళ్లు రేకుల షెడ్డులో ఎండకు మగ్గిందో అవి చెప్పవు.

టైరుకు 1,750, కొత్త ట్యూబుకు 350, బిగింపుకు 100, మొత్తం 2,200 రూపాయలు ఇచ్చాను. బిల్లు అడిగితే "బిల్లయితే జీఎస్టీ పడ్తది సార్, ఇంకో మూడొందలు ఎక్కువైతది, మనకు మనకు బిల్లెందుకు" అని ఎస్టిమేట్ అని అచ్చేసి ఉన్న చిన్న చీటీ మీద అంకెలు రాసిచ్చాడు. తెలిసినవాడే కదా అని జేబులో పెట్టుకున్నాను. అక్కడ నేను పొరపాటు చేశాను. మీరు చేయకండి.

ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో లెక్కల టీచర్లకు రెండు రోజుల సదస్సు. శనివారం, ఆదివారం. మా హెచ్ఎం గారు శనివారానికి ఓడీ (ఆన్ డ్యూటీ) ఇచ్చారు. భిన్నాల మీద నేను పాఠం చేసి చూపించాలి. దానికోసం మా ఏడో తరగతి పిల్లలు పాత క్యాలెండర్ల అట్టలు కత్తిరించి, సగం, మూడోవంతు, నాలుగోవంతు పట్టీలు చేసి, రంగులు వేసి, ఒక్కోదాని వెనక తమ పేర్లు రాసి ఇచ్చారు. ఒంటిపూట బడి కాబట్టి శుక్రవారం పన్నెండున్నరకు బడి వదలగానే, ఆ పట్టీలున్న అట్టపెట్టెను క్యారేజీకి సైకిల్ ట్యూబుతో కట్టి బయలుదేరాను. పక్క ఊరి బడిలో ఫిజికల్ సైన్సు చెప్పే సారు నాతో వచ్చాడు. నాకంటే పెద్దాయన, అన్నా అనే పిలుస్తాను.

శ్రీశైలం రోడ్డు సంగతి ఈ వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు. మన్ననూరు దిగి హాజీపూర్, డిండి మీదుగా పోతే ఏప్రిల్ ఎండకు తారు మెత్తబడి మెరుస్తుంటుంది. డిండి దగ్గర ఆగి మజ్జిగ తాగాం. టైరును కాలితో నొక్కి చూశాను, గాలి బాగానే ఉంది. వెల్దండ దాటి, ఆమనగల్లు ఇంకా రాకముందు, రెండున్నర ప్రాంతంలో, వెనక నుంచి ఢబ్బుమని వినిపించింది. బండి యాభై, యాభై అయిదు మీద ఉంది. వెనక చక్రం చేప తోక లాగా అటూ ఇటూ కొట్టింది. వెనక బ్రేకు తొక్కకుండా యాక్సిలేటరు వదిలేసి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. సగం వేగం తగ్గేదాకా నిలబెట్టగలిగాను గాని, రోడ్డు పక్క కంకర మీదికి దిగగానే ఇద్దరం పడిపోయాం.

ఇద్దరికీ హెల్మెట్లున్నాయి. అన్న హెల్మెట్ కుడివైపు అరచేయంత మేర గీసుకుపోయి లోపలి తెలుపు బయటపడింది. ఆ గీతలు హెల్మెట్ లేకపోతే ఎక్కడ పడేవో మీరే ఊహించుకోండి. వెనక కూర్చునేవాళ్లకు ఎందుకులే అనే వాళ్లకు ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను. అట్టపెట్టె తెరుచుకుని పిల్లల పట్టీలన్నీ రోడ్డు మీద పరుచుకున్నాయి. వెనకే వస్తున్న డీసీఎం (చిన్న లారీ) డ్రైవరు బండి అడ్డం పెట్టి, రక్తం కారుతున్న అన్న చేతికి తన తువ్వాలు చుట్టి, ఆ తర్వాత వంగి ఒక్కో పట్టీ ఏరి ఇచ్చాడు. మా బండిని కూడా తన డీసీఎంలోనే ఎక్కించి ఆమనగల్లులో దింపాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

అన్నకు కుట్లు వేయించి, పంక్చర్ దుకాణానికి పోయాను. అక్కడ టైరు విప్పిన కుర్రాడు నాకు చూపించినవి మీకూ చెప్పాలి. మొదట ఆ టైరు పక్కభాగాన్ని తడిగుడ్డతో గట్టిగా తుడిచాడు. గుడ్డ నల్లగా అయింది. ఆ నిగనిగంతా పాలిష్. పాలిష్ పోయిన చోట రబ్బరు బూడిద రంగులో ఉంది. తర్వాత టైరును రెండు చేతులతో వెనక్కి వంచాడు. గ్రిప్పు గాడుల అడుగున ఎండిన చెరువులో నెర్రెల్లాగా పగుళ్లు, కొన్నింట్లో గోరు దూరుతోంది. ఒక పగులు లోపలి దారాల దాకా తెరుచుకుని ఉంది. ఇక కొత్తదని 350 తీసుకున్న ట్యూబుకు రెండు పాత ప్యాచీలు. చీలిక ఒక ప్యాచీ అంచు నుంచే మొదలైంది.

"తేదీ చూస్కోలేదా సార్?" అన్నాడు ఆ కుర్రాడు. నల్ల మీద నలుపు, అంకెలు కనబడలేదు. నా చొక్కా జేబులో సుద్దముక్క ఉంది. దాంతో రుద్దితే తెల్లగా లేచాయి: 2218. అంటే 2018వ సంవత్సరం 22వ వారం, మే నెలాఖరు. నాకు పట్టీలు చేసిచ్చిన ఏడో తరగతి పిల్లలు అప్పుడు అంగన్‌వాడీకి పోతున్నారు.

ఆ అంకెలు ప్రతి టైరు పక్కభాగం మీదా ఉంటాయి. సాధారణంగా కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఒకవైపు కనబడకపోతే రెండో వైపు చూడండి. కనబడకపోతే సుద్ద రుద్దండి, లేదా ఫోన్ లైటు పక్క నుంచి ఏటవాలుగా వేయండి. అలాగే ఐఎస్ఐ గుర్తు, దానితో పాటు ఐఎస్ 15627 అనే సంఖ్య చూడండి, అది టూవీలర్, త్రీవీలర్ టైర్ల ప్రమాణం. ఇవన్నీ టైరు రిమ్ముకు ఎక్కక ముందే చూడాలి. ఎక్కించాక "ఇగ వాపస్ కాదు" అంటారు. ట్యూబు మీ కళ్ల ముందే ప్యాకెట్ నుంచి తీయించండి.

వాడని టైరు ఎలా పాడవుతుందని నన్ను చాలామంది అడిగారు. దుకాణదారు కూడా సరిగ్గా అదే అన్నాడు: "టైరేమన్న పాలా సార్, ఇరిగిపోనికి?" రబ్బరు కూడా పాడవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి దాన్ని లోలోపలే గట్టిపరుస్తాయి. సాగే గుణం పోయిన రబ్బరు, ఇద్దరు మనుషుల బరువుతో మండే రోడ్డు మీద గంటల కొద్దీ వంగుతూ లేస్తుంటే పగుళ్లు పెరుగుతాయి. అందుకే చాలా కంపెనీలు ఐదేళ్లు దాటిన టైరును ఏటా పరీక్ష చేయించమంటాయి, పదేళ్లు దాటితే గ్రిప్పు ఉన్నా తీసేయమంటాయి. నేను ఆమనగల్లులో బిల్లుతో కొన్న టైరు మీద 0425 అని ఉంది. అంటే నెలల కిందటిది దొరుకుతుంది, అడగాలి అంతే.

సదస్సుకు మేం ఆర్టీసీ బస్సులో పోయాం. కట్టు కట్టిన చేత్తోనే పాఠం చెప్పాను. మట్టి అంటిన పట్టీలు అలాగే వాడాను.

తిరిగొచ్చాక పగిలిన టైరుతో దుకాణానికి పోతే మొదట అది తనదే కాదన్నాడు. ఫోన్‌పేలో 2,200 పోయిన తేదీ, ఎస్టిమేట్ చీటీ చూపిస్తే, అమ్మిన సరుకు వాపసు తీసుకోబోమని గోడ మీద రాసున్న బోర్డు వైపు చెయ్యి చూపించాడు. ఆ బోర్డులను చూసి భయపడకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోకపోవడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా అంతే. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. కొన్ని రోజులకు దుకాణదారే పిలిచి వేరే టైరు ఇస్తానన్నాడు. సుద్ద రుద్ది చూస్తే దాని మీద 3119 ఉంది. తీసుకోలేదు. నాకు నా డబ్బు, అన్న వైద్యం ఖర్చు కావాలి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతున్నాను. 5 లక్షల లోపు కేసులకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. వ్యవహారం నడుస్తోంది కాబట్టి దుకాణం పేరు, ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. విడిగా కూడా అడగకండి.

పగిలిన టైరును, ట్యూబును, చీటీని సంచిలో కట్టి దాచాను. మీకూ ఇలాంటిది జరిగితే మెకానిక్ దగ్గర పాత టైరు వదిలేసి రాకండి, అదే సాక్ష్యం.

ఈ సారి శిక్షణకు అమ్రాబాద్, పదర, లింగాల వైపు నుంచి బండ్ల మీద పోయేవాళ్లు బయలుదేరే ముందు రాత్రే రెండు టైర్ల అంకెలు చూసుకోండి. అర్థం కాకపోతే సుద్ద రుద్ది ఫొటో తీసి నాకు పంపండి, ఎంత రాత్రయినా చూసి చెబుతాను.