పట్టి దూరంగా వదలడమా, ఉన్నచోటే ఉండనివ్వడమా: ఏది మేలు?

వానలు మొదలయ్యాయంటే మా కాలనీ వాట్సాప్ గ్రూపులో పాము ఫొటో రావడం ఖాయం. ఫొటో కింద రెండు రకాల మెసేజీలు వస్తాయి. ఒకటి: "వెంటనే ఎవరినైనా పిలిపించి, పట్టి, దూరంగా అడవిలో వదిలేయండి." రెండోది: "దాన్ని కదిలించకండి, దాని దారిన అదే పోతుంది." మొదటి మాట అనేవాళ్ళ ఇళ్ళలో చిన్నపిల్లలుంటారు, వాళ్ళ టెన్షన్ నాకు తెలుసు. నేనూ చాలా ఏళ్ళు ఆ పక్షమే. ఇప్పుడు చాలావరకు రెండో పక్షం. పూర్తిగా మాత్రం కాదు.

మేముండేది హైదరాబాద్ పడమటి అంచున. ఇళ్ళు లేవకముందు ఇక్కడ సీతాఫలం పొదలు, పెద్ద పెద్ద రాళ్ళు, ఒక కుంట ఉండేవి. రాళ్ళను పేల్చి ప్లాట్లు చేశారు. కుంటలో సగం పూడ్చారు. మిగిలిన సగంలోకి మా అందరి ఇళ్ళ మురుగునీళ్ళు వెళ్తున్నాయి. రాళ్ళ సందుల్లో బతికిన పాములు, ఉడుములు, ముంగిసలు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా సెల్లార్లలోకి, ప్రహరీ పక్కన పేర్చిన ఇటుకల్లోకి చేరాయి.

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మా సెల్లార్‌లో బైకుల మధ్య ఆరడుగుల పాము కనబడింది. పైఫ్లోర్ కుర్రాడు కర్ర ఎత్తాడు. వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. "కొట్టకు తమ్మీ, జెర్రిపోతు ఇది. విషం లేదు. ఎలుకల కోసం తిరుగుతది." ఫోన్ చేస్తే నలభై నిమిషాలకు పాములు పట్టే ఒకతను వచ్చాడు. కొక్కెం కర్రతో నడుము దగ్గర మెల్లగా లేపి, ఒక ప్లాస్టిక్ గొట్టం మూతి దాని ముందు పెట్టాడు. గొట్టం రెండో చివర సంచీ కట్టి ఉంది. చీకటి కనబడగానే పాము తనంతట తానే లోపలికి జారిపోయింది. తోక కూడా లోపలికి వెళ్ళాక సంచీ మూతి బిగించి ఆయన అన్నమాట ఇది: "దీన్ని తీస్కపోతా సార్. ఎలుకలను అట్లనే ఉంచితే ఇంకోటి వస్తది."

మూడు వారాలకు వచ్చింది. ఈసారి నాగుపాము. అప్పుడు పోయి చూస్తే సెల్లార్ వెనక, చెత్త కుప్ప కింద నేలంతా ఎలుక బొరియలే.

పట్టించడం తప్పని నేననను. ఫోన్ చేసి పిలిపించే మనుషులు ఉండబట్టే చాలా పాములు కర్ర దెబ్బలు తప్పించుకుంటున్నాయి. 1995లో హైదరాబాద్‌లో మొదలైన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వలంటీర్లు ఇటీవల ఏడాదికి పదివేలకు పైగా పాములను పట్టి, అటవీశాఖ అనుమతితో అడవుల్లో వదులుతున్నారు. ఆ ఫోన్ నంబర్ లేకపోతే వాటిలో ఎన్ని చచ్చేవో ఊహించడానికే కష్టంగా ఉంది.

కానీ వదిలాక దాని సంగతేమిటి? పాముకు తన బొరియ ఏదో, నీళ్ళెక్కడో, ఎండకు ఎక్కడ దాక్కోవాలో తెలిసిన చోటు ఒకటి ఉంటుంది. తెలియని చోట వదిలితే అది ఊరికే తిరుగుతూనే ఉంటుంది. అలా తిరుగుతూ రోడ్డు మీదికి వస్తుంది, గద్దలకు దొరుకుతుంది, తిండి సరిగా దొరక్క చిక్కిపోతుంది. అమెరికాలో రాటిల్‌స్నేక్‌లకు రేడియో ట్రాన్స్‌మీటర్లు పెట్టి చూశారు. దూరంగా మార్చినవి స్థానిక పాముల కంటే చాలా ఎక్కువ దూరం తిరిగాయి, ఎక్కువగా చనిపోయాయి కూడా. పైగా అడవి మనకోసం ఖాళీగా పెట్టిన గది కాదు. అక్కడ అప్పటికే ఉండేవి ఉంటాయి.

అందుకే పాముల విషయంలో నా లెక్క ఇది. ప్రహరీ వెంట, తోటలో, కాలువ పక్కన కనబడితే దూరం జరిగి, పిల్లల్ని లోపలికి పిలిచి, పోనివ్వాలి. ఇంట్లోకి వచ్చినా, బావిలో పడినా, వలలో చిక్కుకున్నా పట్టించాల్సిందే. కట్లపాము ఇంట్లో దూరితే అసలు ఆలోచించకూడదు. అది రాత్రిపూట తిరుగుతుంది, నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది, కాటు పడిన సంగతి కూడా చాలామందికి తెలియదు. కాటు పడితే యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. మంత్రం, నాటుమందు అంటూ పోయే ప్రతి నిమిషం ప్రాణం మీదికొస్తుంది. ఇక పట్టిన పామును అదే ఏరియాలో, దగ్గర్లో మిగిలిన కుంట గట్టునో పొదల్లోనో వదిలితే దానికి బతికే అవకాశం ఎక్కువ.

కోతుల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ దూరంగా వదలడం ఎంత పనికొస్తుందో తేలిపోయింది. 2007లో కోర్టు ఆదేశంతో ఢిల్లీలో కోతులను పట్టి అసోలా భట్టీ అభయారణ్యానికి తరలించడం మొదలుపెట్టారు. వేలకొద్దీ తరలించినా నగరంలో కోతుల బెడద పోలేదు. అభయారణ్యం పక్క ఊళ్ళకు కొత్త బెడద వచ్చింది. మన దగ్గర 2020లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతులకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేసే కేంద్రం తెరిచారు. నిదానమైన పని అయినా, దారి అదే. దానితోపాటు గుడి దగ్గరా రోడ్డు పక్కనా అరటిపళ్ళు పంచడం కూడా ఆపాలి.

చిరుత దగ్గరికొచ్చేసరికి ప్రమాదం పెద్దది. పాము నుంచి దూరం జరిగితే సరిపోతుంది, చిరుత విషయంలో ఎవరికీ ఆ ధైర్యం ఉండదు. అయినా లెక్కలు చూడాలి. మహారాష్ట్రలోని జున్నర్ ప్రాంతంలో చెరకు తోటల్లో చిరుతలు ఉండేవి. 2001లో వాటిని పెద్ద ఎత్తున పట్టి సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని అడవుల్లో వదలడం మొదలుపెట్టారు. అంతకుముందు మనుషుల మీద ఏడాదికి సగటున 4 దాడులు జరిగేవి. తర్వాత అవి 17కు పెరిగాయి, వదిలిన చోటుకు దగ్గర్లోని ఊళ్ళలోనూ దాడులు జరిగాయి. వన్యప్రాణి శాస్త్రవేత్త విద్యా ఆత్రేయ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనం ఇది. చిరుత పిల్లిజాతి జంతువు, తన ఇలాకా దానికి ప్రాణం. బోనులో పడి, మనుషుల మధ్య భయంతో రోజులు గడిపి, తెలియని చోట వదిలిపెట్టబడిన చిరుత ఎలా ప్రవర్తిస్తుందో చెప్పలేం.

ముంబయిలో 2004లో దాడులు బాగా పెరిగాయి. తర్వాత తర్వాత వాళ్ళు దారి మార్చారు. 104 చదరపు కిలోమీటర్ల సంజయ్ గాంధీ జాతీయ పార్కు నగరం నడుమ ఉంది. 2011 నుంచి అటవీశాఖ, స్థానికులు కలిసి చుట్టుపక్కల బస్తీల్లో పని చేశారు. చెత్త తీయించారు. చెత్త ఉంటే కుక్కలు, కుక్కలుంటే చిరుత. చీకటి పడ్డాక పిల్లల్ని ఒంటరిగా బయటికి పంపొద్దని, చిరుత కనబడితే గుంపుగా మూగి అరవొద్దని చెప్పారు. 2015లో కెమెరాలు పెట్టి లెక్కిస్తే 35 చిరుతలు తేలాయి. అన్ని చిరుతల పక్కన అంత జనం బతుకుతున్నారు.

అలాగని ముంబయి పద్ధతిని ఉన్నదున్నట్టు హైదరాబాద్‌కు తేగలమా? నాకు నమ్మకం లేదు. 2020 మే నెలలో, లాక్‌డౌన్ రోజుల్లో, మైలార్‌దేవ్‌పల్లి దగ్గర హైవే మీద ఒక చిరుత పడుకుని కనబడింది. 2024 ఏప్రిల్ చివర్లో ఇంకొకటి శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకింది. బోనులో మేకను కట్టి, కెమెరాలు పెట్టి, ఐదు రోజులకు పట్టుకున్నారు. రన్‌వే పక్కన చిరుతను "ఉన్నచోటే ఉండనివ్వండి" అని ఎవరంటారు? పట్టుకోవడమే సరి. చిలుకూరు దగ్గరి మృగవని జాతీయ పార్కు మొత్తం కలిపి నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా లేదు. ఒక్క చిరుత తిరగడానికే అది చాలదు. ముంబయి తన చిరుతలకు చోటు ఉంచుకుంది కాబట్టి ఉండనివ్వగలుగుతోంది.

నిజానికి రెండు దారుల్లో దేనికైనా ముందు స్థలం మిగలాలి. ఉండనివ్వాలంటే ఆ "ఉన్నచోటు" ఉండాలి, దగ్గర్లో వదలాలన్నా ఆ "దగ్గర" ఉండాలి. 2025లో హైదరాబాద్‌లోనే, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో పొక్లెయిన్లు దిగి రోజుల్లోనే వంద ఎకరాల దాకా చెట్లు నేలకూల్చాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఆ రాత్రుల్లో నెమళ్ళు అరిచిన వీడియోలు నేను పూర్తిగా చూడలేకపోయాను. అక్కడి పాములను, జింకలను పట్టి ఎక్కడో వదిలేస్తే సరిపోతుంది అనేవాళ్ళను చూస్తే బాధేస్తుంది.

మా కాలనీలో ఈ రెండేళ్ళలో చేసింది తక్కువే. సెల్లార్ వెనక చెత్త తీయించాం, బొరియలు సిమెంటుతో మూయించాం, ఇటుకల కుప్పను కుంట వైపు గోడ దగ్గరికి జరిపాం. కుంటలో మిగిలిన సగాన్ని పూడ్చకుండా అర్జీ పెట్టాం, ఇంకా తిరుగుతున్నాం. మొన్న శనివారం వాచ్‌మన్ ఇటుకల మధ్య నుంచి ఒక కుబుసం తీసి చూపించాడు. మూర కన్నా రెండింతలు పొడుగు, కంటి పొర కూడా చెదరకుండా ఉంది. "జెర్రిపోతుదే సార్" అన్నాడు. గ్రూపులో ఫొటో పెట్టలేదు. కుబుసాన్ని మళ్ళీ ఇటుకల మీదే పెట్టేశాం.