రైతుకో షీట్ తయారుచేసే ఎక్సెల్ స్క్రిప్ట్ కొనేవాళ్ళకి హెచ్చరిక

భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రొయ్యల మేత డీలర్ల దగ్గర లెక్కలు చూసేవాళ్ళు ఇది తప్పక చదవండి. ఒక్క నమూనా షీట్ ఇస్తే చాలు, రైతులందరి ఖాతాలూ వేరువేరు షీట్లుగా వచ్చేస్తాయని చెప్పి మా ఆఫీసుకి ఒక పైథాన్ స్క్రిప్ట్ (పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసిన చిన్న ప్రోగ్రామ్) అమ్మారు. డబ్బంతా ముందే తీసుకున్నారు.

షీట్లు చూడ్డానికి చక్కగా వచ్చాయి. గీతలు, రంగులు, పేర్లు అన్నీ ఉన్నాయి. పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టి అమ్మడం) అయ్యాక ఒక రైతు బాకీ చూసుకుని, "నేను నగదుకి తీసుకున్న మేతకి అరువు రేటు వేశారేంటండీ?" అని అడిగారు. తీరా చూస్తే అందరికీ ఒకే బస్తా రేటు పడింది. బస్తాల సంఖ్య ఎవరిది వాళ్ళదే కాబట్టి మొత్తాలు వేరువేరుగా వచ్చాయి, ఎవరికీ అనుమానం రాలేదు. రైతు నమ్మకంతో ఇచ్చిన ఖాతా అది!

కారణం తెలిసింది. ఆ స్క్రిప్ట్ ఓపెన్‌పైఎక్సెల్‌లోని (పైథాన్‌తో ఎక్సెల్ ఫైళ్ళు తయారుచేసే సాధనం) కాపీ వర్క్‌షీట్ అనే ఆదేశం వాడుతుంది, అంటే ఒక షీట్‌కి నకలు తీస్తుంది. అది ఫార్ములాని ఉన్నదున్నట్టు రాసేస్తుంది. ఫార్ములాలో "నమూనా" అనే షీట్ పేరు ఉంటే, కొత్త షీట్లో కూడా రేటు నమూనా నుంచే వస్తుంది. ఆ పేరు తీసేసి గడి నంబరు మాత్రమే ఉంచితే సరిపోయేది. బొమ్మలు, చార్టులు కూడా ఆ కాపీలో రావు. మా లోగో అలాగే పోయింది. అమ్మేటప్పుడు మాత్రం అన్నీ వస్తాయన్నారు.

షీట్ పేర్లతో ఇంకో తంటా. ఎక్సెల్ 31 అక్షరాలకు మించి ఒప్పుకోదు. తెలుగులో ఒత్తులు, గుణింతాలు విడిగా లెక్కకొస్తాయి, "శ్రీ" ఒక్కటే నాలుగు. ఇంటిపేరు, పేరు, ఊరు కలిపేసరికి తోక తెగిపోయి ఇద్దరు రైతుల షీట్లు ఒకేలా కనిపిస్తాయి. సర్వే నంబర్లోని గీత, అంటే 112/3 లాంటిది, షీట్ పేరులో అసలు చెల్లదు. అక్కడ స్క్రిప్ట్ ఆగిపోయింది.

బాగుచేయమంటే ప్రతి మార్పుకీ మళ్ళీ డబ్బు అడుగుతున్నారు. ఇచ్చింది ఈఎక్స్ఈ ఫైలే, అంటే నడపడానికి తప్ప మార్చుకోవడానికి పనికిరాని ఫైలు; స్క్రిప్ట్ రాసిన కోడ్ ఇవ్వలేదు. వేరేవాళ్ళతో చేయించుకునే దారి కూడా లేదు.

కొనేముందు మీ సొంత ఫైలుతో, మీ రైతుల పేర్లతోనే నడిపించి చూపమనండి. రేట్లు వేరుగా ఉన్న ఇద్దరి ఖాతాలు క్యాలిక్యులేటర్‌తో సరిచూడండి. కోడ్ చేతికిచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు రైతులకి బాకీ చెప్పేముందు ఒక్కో షీట్లో రేటు ఎక్కణ్ణుంచి వస్తోందో ఈరోజే చూడండి.