కారు ఛార్జింగ్ స్టేషన్‌ను నమ్ముకుని స్కూటర్ మీద హైవే ఎక్కకండి

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు షోరూంకి వెళ్లే ముందు ఇది చదవండి.

"హైవే పొడుగునా ఛార్జింగ్ స్టేషన్లే సార్, ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అన్నాడు నాకు బండి అమ్మినతను. ఆ మాట పట్టుకుని పోయిన నెల ఎల్బీ నగర్ నుంచి సూర్యాపేటకు బయల్దేరాను. అరవై మీద తోలితే కంపెనీ చెప్పిన మైలేజీ ఎక్కడొస్తుంది? నార్కట్‌పల్లి చేరేసరికి 11 శాతం మిగిలింది. యాప్‌లో స్టేషన్ ఖాళీగానే కనిపించింది. వాలెట్‌లో ముందు 200 వేయమంటే వేశాను. తీరా చూస్తే రెండు గన్నులు (బండికి పెట్టే ఛార్జింగ్ ప్లగ్గులు), రెండూ నా బండికి పట్టవు. వాచ్‌మన్ నవ్వాడు: "గివి కార్లకే అన్నా, రోజూ ఎవలో ఒకలు గిట్లనే వస్తరు."

ఎందుకు పట్టవో తర్వాత తెలిసింది. లావుపాటిది సీసీఎస్2, నేరుగా బ్యాటరీకే డీసీ కరెంటు పంపే గన్. కార్ల బ్యాటరీలు ఎక్కువగా మూడు నాలుగు వందల వోల్టులవి, మన స్కూటర్లవి చాలావరకు 48 నుంచి 72. ఆ మెషిన్ అంత కిందికి దిగదు. రెండోది టైప్ 2. అందులో వచ్చేది మామూలు ఏసీ కరెంటే, కానీ నా ఛార్జర్‌కున్నది మూడు పిన్నుల ప్లగ్గు. టూవీలర్ల కోసం బీఐఎస్ (వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) 2023లో ఒక కనెక్టర్ ప్రమాణం తెచ్చింది గానీ, అన్ని బళ్లకూ అదే ఉండదు.

అసలు భయం ఇక్కడ. టైప్ 2 నుంచి మూడు పిన్నులకు మార్చే అడాప్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. నేనూ ఒకటి ఆర్డర్ పెట్టబోతుంటే ఎలక్ట్రీషియన్ అయిన మా బావమరిది తిట్టాడు. ఆ గన్ 32 ఆంపియర్ల దాకా ఇవ్వగలదు, ఈ అడాప్టర్ సాకెట్టూ వైరూ 16కి చేసినవి. మధ్యలో ఫ్యూజు లేకపోతే, ఏదైనా తేడా వచ్చినప్పుడు స్టేషన్ ట్రిప్ అయ్యేలోపే వైరు కాలొచ్చు. పోనీ లాభముందా అంటే అదీ లేదు. 7 కిలోవాట్ల గన్ పెట్టినా నా 750 వాట్ల ఛార్జర్ లాగేది అంతే, ఇంట్లో పట్టినంత టైమూ పడుతుంది.

కాబట్టి కొనేముందు సేల్స్‌మన్‌ని "స్టేషన్లు ఉన్నాయా" అని కాదు, "ఈ బండికి పట్టే గన్ నేను వెళ్లే రూట్లో ఎక్కడుంది, చూపించు" అని అడగండి. దూరం వెళ్తే ఛార్జర్ వెంట పెట్టుకోండి. నాది మా ఆవిడ పోరితే డిక్కీలో పెట్టుకున్నదే. ఆ రోజు స్టేషన్ పక్కనే ఉన్న ధాబా ఆయన గ్రైండర్ ప్లగ్గు తీసి సాకెట్ ఇచ్చాడు. మూడు గంటలు, నాలుగు టీలు. డబ్బులిస్తే టీలకు మాత్రమే తీసుకున్నాడు.

ఆ 200 ఇంకా వాలెట్‌లోనే ఉంది.