కొమునా 13 నడక యాత్ర: ఎస్కలేటర్లు చూపించారు, కొండ ఎవరి చేతిలో ఉందో చెప్పలేదు

కొలంబియాలోని మెడెయిన్ నగరానికి వెళ్ళిన పర్యాటకుల్లో కొమునా 13 చూడకుండా తిరిగి వచ్చేవారు తక్కువ. ఒకప్పుడు పోలీసులే అడుగు పెట్టడానికి జంకిన ఆ కొండవాడకు ఇప్పుడు విదేశీయులు గుంపులు గుంపులుగా వస్తున్నారు, వారిని తిప్పి చూపించే సంస్థలకూ కొదవ లేదు. వాటిలో ఒకదానితో నేను చేసిన మూడు గంటల యాత్ర గురించి ఈ సమీక్ష. నాకు కనిపించిన లోపం ఆ ఒక్క సంస్థకే పరిమితమని అనిపించలేదు కాబట్టి పేరు రాయడం లేదు.

మెట్రో బి లైన్ చివరనున్న సాన్ హవియేర్ స్టేషన్ దగ్గర మమ్మల్ని కలుసుకున్న గైడ్ ఆ వాడలోనే పెరిగిన యువకుడు. సమయపాలన, ఇంగ్లిషు, ఓపిక, మూడింటిలోనూ వంక పెట్టడానికి లేదు. యాత్రకు ఆయువుపట్టు 2011 డిసెంబరులో ప్రారంభించిన ఎస్కలేటర్లు. ఆరు విడతలుగా 384 మీటర్ల పొడవున, దాదాపు 28 అంతస్తుల ఎత్తుకు సమానంగా, నారింజ రంగు కప్పుల కింద కొండ పైకి సాగే ఈ మెట్లను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అంతకు ముందు సరుకుల సంచీ మోసుకుంటూ వందలాది మెట్లు ఎక్కిన వృద్ధులకు ఇది ఎంత ఊరటో చూస్తేనే తెలుస్తుంది. 1991లో లక్ష జనాభాకు సుమారు 380 హత్యలు జరిగిన నగరం, 2004లో ఈశాన్యపు కొండలకు, 2008లో ఈ పడమటి కొండలకు కేబుల్ కార్లు వేయించి, ఇక్కడ ఎస్కలేటర్లు కట్టి, పేదల వాడల్లోకి ప్రభుత్వాన్ని తీసుకువెళ్ళిందని గైడ్ చెప్పిన మాట నిజమే.

అయితే ఆ నిజం సగమే. 2002 అక్టోబరు 16న మొదలైన ఆపరేషన్ ఓరియన్‌కు మా యాత్రలో దక్కింది ఐదు నిమిషాలు, అదీ ఒక గోడ బొమ్మ ముందు ఫోటోల సందడిలో. వామపక్ష గెరిల్లాల చేతుల్లో ఉన్న వాడను వెయ్యిమందికి పైగా సైనికులు, పోలీసులు హెలికాప్టర్ల అండతో స్వాధీనం చేసుకున్నారని చెప్పి గైడ్ ముందుకు నడిచాడు. ఆ తరువాత వాడ ప్రభుత్వం చేతికి రాలేదు, దోన్ బెర్నా అనే నేరసామ్రాజ్యాధిపతి నడిపిన పారామిలటరీ ముఠా (అక్కడ ఆ మాటకు అర్థం ప్రభుత్వ బలగం కాదు, గెరిల్లాలతో పోరాడిన ప్రైవేటు సాయుధ దళం) చేతికి వచ్చింది. హత్యలు బాగా తగ్గిన ఆ రోజుల్లో, పాలనా సామర్థ్యమనే అర్థమిచ్చే స్పానిష్ మాటలో అతని పేరు ఇరికించి జనం ‘దోన్‌బెర్నబిలిదాద్’ అని ఎగతాళి చేసేవారు. 2008లో అతన్ని అమెరికాకు అప్పగించాక వారసుల తగాదాలతో హత్యలు మళ్ళీ పెరగడం చూస్తే, ఆ శాంతి ఎవరి పూచీ మీద నిలిచిందో అర్థమవుతుంది.

ఓరియన్ తరువాత మాయమైనవారి శవాలను కొండ పైనున్న లా ఎస్కొంబ్రేరా అనే శిథిలాల గుట్టలో పూడ్చారని తల్లులు ఇరవై ఏళ్ళకు పైగా చెబుతూ వచ్చారు. 2024 డిసెంబరులో అక్కడ మానవ అవశేషాలు బయటపడ్డాయి. ‘ఆ ముసలమ్మల మాటే నిజం’ అని మరుసటి నెలలో యువకులు నగరంలో ఒక గోడ మీద రాస్తే నగరపాలక సంస్థ చెరిపించింది, వాళ్ళు మళ్ళీ రాశారు. గోడ బొమ్మలే ప్రధాన ఆకర్షణగా టికెట్టు అమ్మే యాత్రలో ఈ ఒక్క గోడ ప్రస్తావన లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

మరొకటి ‘వాకూనా’. స్పానిష్‌లో టీకా అని అర్థం. మన బజార్లలో మామూలు అంటామే, అదే. దుకాణాల నుంచీ బస్సుల నుంచీ దీన్ని వసూలు చేసే చిన్న ముఠాలను అక్కడ ‘కొంబో’లంటారు, నగరంలో ఇవి వందల్లో ఉన్నాయి. వసూళ్ళతో ఆగక ఇరుగుపొరుగు తగాదాలకు పంచాయితీ చేస్తాయి, బాకీలు రాబడతాయి, దొంగలను శిక్షిస్తాయి. పోలీసులు దగ్గరైతే ముఠాలు వెనక్కి తగ్గుతాయని మనం అనుకుంటాం, కానీ మాదకద్రవ్యాల అమ్మకం సాఫీగా సాగడానికి జనం తమవైపే ఉండాలి కనుక, ప్రభుత్వం దగ్గరైనచోట కొంబోలు తమ పెత్తనాన్ని మరింత పెంచుకున్నాయని అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసిన పరిశోధకులు తేల్చారు. పర్యాటకం మీద కూడా వసూళ్ళున్నాయని స్థానిక పత్రికలు రాశాయి.

ఈ సంగతి అడిగితే గైడ్ ఒకసారి చుట్టూ చూసి, ఇప్పుడంతా ప్రశాంతమని నవ్వేశాడు. తప్పు అతనిది కాదు, సాయంత్రం మేము హోటలుకు వెళ్ళిపోతాం, అతను ఇంటికి ఆ సందుల్లోంచే పోవాలి. కానీ కొండ ఎక్కకముందే, మెట్రో స్టేషన్ దగ్గర ఒక పావుగంట కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పే ఏర్పాటు సంస్థ చేయగలదు. రుసుము తీసుకునేది వాళ్ళే కదా.

మిగతా విషయాలు క్లుప్తంగా. దారిలో నిమ్మరసం, ఉప్పు వేసి అమ్మే పచ్చిమామిడి ఐసుఫ్రూటు తెలుగు నాలుకకు ఇట్టే నచ్చుతుంది. మధ్యాహ్నం తరువాత స్పీకర్ల హోరులో గైడ్ మాట వినబడదు, వారం మధ్యలో ఉదయాన్నే వెళ్ళడం మేలు. స్థానిక గైడ్ కోసం, ఎస్కలేటర్ల కోసం ఐదింట మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ముందు రోజే నగరంలోని కాసా దె లా మెమోరియా మ్యూజియంలో రెండు గంటలు గడిపి వెళ్ళండి, ప్రవేశం ఉచితం, యాత్రలో దాటేసిన కథ చాలావరకు అక్కడ దొరుకుతుంది.