బరువైన టూరింగ్ బైకుకు బయాస్ ప్లై టైరా, రేడియలా?

ఇద్దరు మనుషులు, పెట్టెల నిండా సామాను, కింద 350 కిలోలు దాటిన బండి. ఇంత బరువూ రోడ్డును తాకేది అరచేతులంత జాగాలో. టైరు దగ్గర మాత్రం రాజీ పడకండి.

బయాస్ ప్లైలో దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. పక్కగోడ గట్టిగా ఉంటుంది, బరువుకు లొంగదు. అయితే పొరలు ఒకదానితో ఒకటి రాసుకుని వేడెక్కుతాయి.

రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు నేరుగా సాగుతాయి, వాటిపైన టైరు చుట్టూ బెల్టు, అంటే గట్టి పట్టీ ఉంటుంది. హైవే మీద గంటల తరబడి నడిపినా వేడి తక్కువే. మలుపులో బండి వంచినప్పుడు ఆ పట్టు చేతికి తెలుస్తుంది. దూర ప్రయాణాలకు నా ఓటు దీనికే. కానీ బండి మాన్యువల్ ఒప్పుకుంటేనే వేయించండి. ముందు ఒక రకం, వెనక ఇంకో రకం మీ అంతట మీరు కలపొద్దు.

కొనేముందు కాస్త వంగి పక్కగోడ చదవండి. 200/55ఆర్16 77హెచ్ అని ఉంటే, ‘ఆర్’ రేడియల్ గుర్తు. ఆ చోట ‘బి’ ఉంటే బెల్టెడ్ బయాస్, అంటే బెల్టు ఉన్న బయాస్ ప్లై. 77 అనే గుర్తుకు అర్థం ఆ టైరు 412 కిలోల వరకు మోయగలదని, ‘హెచ్’ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగ పరిమితి. గాలి తగ్గితే ఆ మోయగల బరువూ తగ్గిపోతుంది. అందుకే పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకోండి.